ఇనుపగంట మీద సున్నపు అక్షరాలు

నా చిన్నప్పుడు మా బస్తీకి ఒక్క పేరు కాదు, మూడు పేర్లుండేవి. ఇప్పుడు ఖమ్మంలో ఏ షేర్ ఆటో ఎక్కి "ఇనుపగంట" అన్నా సరిగ్గా మా వీధి మొదట్లో దింపుతాడు. ఆ పేరు ఎలా వచ్చిందో అడగండి, ఒక్కరికీ తెలియదు. ఏదో రాజుగారి ఏనుగు మెడలోని గంట ఇక్కడ జారిపడిందట. మా మనవడు ఫోనులో చదివి నాకే చెబుతున్నాడు! ఏ రాజురా, ఏ ఏనుగురా? ఆ గంట కట్టింది మా తాతయ్య. తాడు అందించింది నేను.

తాతయ్య రైల్వేలో గ్యాంగుమన్. పని నుంచి దిగిపోయాక ఊరి అంచున జాగా కొనుక్కుని ఇల్లు వేశాడు. జాగాలు అమ్మిన రైతుగారు కోస్తా వైపు నుంచి వచ్చిన ఆసామి, బస్తీకి తన తండ్రి పేరు పెట్టాలన్నాడు. పై వీధి కేథలిక్కులు తమ పునీతుడి పేరన్నారు. కింది వీధిలో మా ప్రార్థన మందిరం వాళ్లు బైబిల్లోని ఊరి పేరన్నారు. పొద్దున పాతిన బోర్డును సాయంత్రానికి పీకేసేవారు. అంతంత పెద్దమనుషులకు ఆ పంతాలేమిటో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మధ్యలో నలిగింది పక్కింటి అక్క. నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు రమ్మన్న ఉత్తరం ఆ మూడు పేర్ల మధ్య తిరిగి తిరిగి, తేదీ దాటిన వారానికి చేతికందింది. అక్క దాన్ని పట్టుకుని గడపలో కూర్చుని ఏడ్చింది. మరుసటి ఏడు మళ్లీ పెట్టుకుంది. అదే ఆఖరు, ఆపైన వయసు దాటిపోతుంది.

అప్పుడు తాతయ్య పాత ఇనుప సామాన్ల అంగడి నుంచి మూరెడు రైలు పట్టా ముక్క తెచ్చి, రెండు వీధులు కలిసేచోట వేపకొమ్మకు వేలాడదీశాడు. చిన్న స్టేషన్లలో బండి వస్తోందని చెప్పడానికి కొట్టేది అలాంటి ముక్కనే. పోస్టుమ్యాన్‌ను పిలిచి, "ఇల్లిల్లు తిరగకు బిడ్డా. గిది కొట్టు. ఎవల ఉత్తరం వాళ్లే ఉరికొచ్చి తీసుకుంటరు" అన్నాడు. పేరు సంగతి మాత్రం ఎత్తనే లేదు. గంట మోగితే రెండు వీధులవాళ్లూ వచ్చేవారు. నెల తిరక్కుండానే జనం తమ చుట్టాలకు "ఇనుపగంట దగ్గర" అని చిరునామా రాయడం మొదలుపెట్టారు.

నాకేమో కడుపుమంట. మోసుకొచ్చింది మా తాతయ్య, కట్టింది మా తాతయ్య, పేరు మాత్రం ఇనుపముక్కకా? ఒక మధ్యాహ్నం సున్నం ముంత తీసుకెళ్లి, గంట మీద పట్టినంత, మిగిలింది వేపమాను మీద, తాతయ్య పేరు రాసి వచ్చాను. ఎంత గొప్ప పని చేశానో అనుకున్నాను.

తెల్లారేసరికి రభస. "గది ఆయన గంటనా? అయితే మాకేం పని?" అని పై వీధి రావడం మానేసింది. అది కొడితే పై ఆఫీసరుకు చెబుతామని రైతుగారి మనుషులు పోస్టుమ్యాన్‌ను బెదిరించారు. పాపం, ఆయన మూడు రోజులు గంట జోలికే పోలేదు. ఉత్తరాలు మళ్లీ ఎటుబడితే అటు. అక్క పొద్దున్నా సాయంత్రమూ వేపచెట్టు కిందికి వచ్చి చూసి పోయేది. నన్ను తిట్టినా బాగుండేది.

తాతయ్య నన్ను కొట్టలేదు. బకెట్టూ కొబ్బరిపీచూ చేతికిచ్చి వేపచెట్టు దగ్గరికి నడిపించి, అందరూ చూస్తుండగా నా చేతే తన పేరు కడిగించాడు. వేళ్లు సున్నానికి మండిపోయాయి, సిగ్గు అంతకంటే ఎక్కువ మండింది.

"నీ పేరే కద తాతా, ఉంటే ఏంది?" అన్నాను ఏడుస్తూ.

"నా పేరుంటే గిది నా ఒక్కనిదైతది. గప్పుడు ఆ పిల్ల ఉత్తరం ఎట్ల చేరుతదే?"

అని, పై వీధి పిల్లల్ని పిలిచి ఒక్కొక్కరి చేతా ఒక్కో దెబ్బ కొట్టించాడు. పిల్లల వెనకే పెద్దవాళ్లూ, ఆఖరుకు రైతుగారి మనుషులూ వచ్చారు, మూతులు ముడుచుకునే అనుకోండి.

మర్నాడు పోస్టుమ్యాన్ గంట కొట్టాడు. పిండి చేతులతోనే ఉరికింది అక్క. ఇంటర్వ్యూకు ఇంకా రెండు రోజులున్నాయి. తర్వాత చర్ల అడవి ఊళ్లలో ఏళ్ల తరబడి నర్సుగా చేసింది. అక్కడి నుంచి నాకు రాసిన మొదటి ఉత్తరం మీద నా పేరు, ఇనుపగంట, ఖమ్మం అని మాత్రమే ఉంది. తిన్నగా వచ్చింది.

మొన్న కాలనీ కమిటీవాళ్లు కాగితం పట్టుకొచ్చారు. ఏనుగు కథ అబద్ధమని ఊరంతా చెప్పాను కదా, నా నోరు ఊరుకోదు! మా మనవడే ముందు నిలబడి, "అమ్మమ్మా, మంచి పేరు పెట్టాలనుకుంటున్నం. మీ తాత పేరే పెడదం. సంతకం పెట్టు. ఇంతకీ ఆయన పేరేంది?" అన్నాడు.

ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. పెన్ను పట్టుకున్నాను కూడా. పట్టుకున్న ఆ వేళ్లే మండినట్టయింది.

"ఏం వద్దు, పోండ్రి" అని కాగితం వాళ్ల చేతిలోనే పెట్టేశాను. వాడు అలిగి అన్నం తినకుండా పోయాడు. పోతేపోనీ, ఆకలేస్తే వాడే వస్తాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఇంత రాసి ఇక్కడ కూడా ఆయన పేరు రాయలేదు, చూశారు కదా.