కాలువతో నడిచిన పందిరి

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు రాకపోవడం. చిన్నప్పుడు గొర్రెల వెంట, పెళ్లయ్యాక మట్టిపని వెంట తిరిగాను. మనవరాళ్లు పుట్టాక వయోజన బడిలో పలక పట్టాను.

పందొమ్మిది వందల అరవైల్లో మేం పాలమూరు నుంచి హాలియా వైపు కాలువ తవ్వడానికి వెళ్లాం. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లం మట్టి గంపలు గట్టు మీదికి మోసేవాళ్లం. నా బిడ్డకు అయిదో నెల. గుడిసెలో అత్త దగ్గర వదిలి వచ్చేదాన్ని. మొదట్లో పరుగున పోయి పాలిచ్చి వచ్చాను. తవ్వకం రోజూ ముందుకు జరిగేది, గుడిసెలు ఉన్నచోటే ఉండేవి. దూరం పెరిగాక పోవడం కుదరలేదు. పగలంతా అత్త మేకపాలలో గుడ్డ ముంచి పట్టేది. బిడ్డ చిక్కిపోయింది.

ఒకరోజు హైదరాబాదు నుంచి సర్కారు వకీలు వచ్చాడు. కూలీల కోసం కొత్త చట్టం రాస్తున్నారట. అప్పటిదాకా రాసింది మాకు చదివి వినిపించాడు. గుడిసెల పక్కన పిల్లలకు పందిరి వేయాలి, తల్లులు రోజుకు రెండుసార్లు పోయి పాలిచ్చి రావచ్చు అని ఉంది. ఆడవాళ్లమంతా నవ్వాం. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

“కాలువ నడుస్తది సారు, గుడిసెలు నడుస్తయా?” అన్నాను. “జర మీరే గుడిసెల దాక పోయి రాండ్రి.”

“ఏందే, వకీలు సారుకే చట్టం చెప్తున్నవా?” అని మేస్త్రీ కసిరాడు.

వకీలు మాత్రం గడియారం చూసుకుని బయలుదేరాడు. తిరిగి వచ్చేసరికి తెల్లచొక్కా వీపుకు అతుక్కుంది, బూట్లు చేతిలో ఉన్నాయి. ఇక సారుకు కూడా తొట్టెల కట్టి ఊపాలేమోనని ఒకామె గొణిగితే ఆయనా నవ్వాడు. మేమిచ్చిన ముంతెడు నీళ్లు తాగి, గట్టు మీదే కూర్చుని ఆ వాక్యం కొట్టేశాడు. ఏం రాయాలమ్మా అని నన్నే అడిగాడు.

“పని యాడుంటె పందిరి గాడనే ఉండాలె. పని జరిగితే పందిరి గూడ జరగాలె.”

రాసి చదివాడు. అది నా మాటలా లేదు, చాలా పొడుగ్గా ఉంది. మా మాటల్లో చెప్పమన్నాను. చెప్పాడు. అవును, నేనన్నదే.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని, ఇప్పుడే నాలుగు గుంజలు పాతించమని మేస్త్రీకి చెప్పి వెళ్లాడు. మేస్త్రీ మూతి ముడుచుకుంటూనే ఈతకమ్మలు తెప్పించాడు. సాయంత్రానికి తవ్వకం పక్కనే పందిరి లేచింది.

మర్నాడు పొద్దున్నే బిడ్డను చంకనేసుకుని, అత్తను వెంటబెట్టుకుని పనికి పోయాను. పాత చీరతో గుంజలకు తొట్టెల కట్టి, బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, గంప ఎత్తుకున్నాను.