కారం మిల్లు శ్రుతి

ఆ రోజుల్లో నరసరావుపేటలో పాట పాడాలంటే గొంతు కన్నా ముందు హార్మోనియం ఉండాలి, హార్మోనియం ఉండాలంటే ఇంట్లోవాళ్ల దయ ఉండాలి. మాకు రెండూ లేవు. అందుకని ఎనభైల మొదట్లో మేం ముగ్గురం వాయిద్యాలన్నీ నోటితోనే కానిచ్చేవాళ్లం. లారీ షెడ్డులో పని నేర్చుకుంటున్న మా మేనబావ నోటితో తబలా వాయించేవాడు (ఎదురుగా నిలబడ్డవాళ్లకు మొహం తుడుచుకోక తప్పేది కాదు). పక్కింటి కుర్రాడు ముక్కుతో సన్నాయి ఊదేవాడు. వాడి అసలు పేరు మర్చిపోయి వీధంతా 'బూర' అనేది. పాట నాది. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి ఆ పదవికి పోటీ రాలేదు. రోజూ సాయంత్రం మా వీధి మలుపులో, కారం మిల్లు అరుగు మీద కచేరీ. పల్లవికి ఒకసారి, చరణానికి రెండుసార్లు తుమ్మేవాళ్లం. కరెంటు పోతే మిల్లుతో పాటు మేమూ ఆగేవాళ్లం. చీకట్లో పాడితే ఎవరు చూస్తారులే అని ఆపుతున్నామనుకునేవాళ్లం.

మిల్లుకు ఎదురుగానే మా నాన్న కిరాణా కొట్టు. "నలుగురు తిరిగే చోట ఆ కూతలేందిరా" అనేవాడు. రొంపిచెర్లలో బావ తరఫు వాళ్ల పెళ్లికి మమ్మల్ని పాడమన్నారని తెలిసి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. "నేనూ వస్తన్నా. అక్కడ జనం బాగుందంటే నీ ఇష్టం వచ్చినట్టు పాడుకో. లేదంటే తెల్లారేసరికి కొట్లో కూర్చోవాల." కొట్లో కూర్చోవడమంటే అప్పట్లో నాకు జైలే. వారం రోజులు మిరియాల పాలు తాగి గొంతు కాపాడుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్లిపందిట్లో మమ్మల్ని నిలబెట్టారు. నేను ఎత్తుకున్నాను. బూర నాకంటే పైన ఎక్కడో ఎత్తుకున్నాడు. వాడి కోసం నేను పైకి వెళ్తే, నా కోసం వాడు కిందికి దిగాడు. ఎవరి వెనక పోవాలో తెలియక బావ దరువు ఆపేశాడు. పెళ్లికూతురి నాయనమ్మ "ఏంది అబ్బాయిలూ, తలా ఒక పాట పాడతన్నారా?" అంది. పందిరంతా నవ్వింది. మళ్లీ మొదలుపెడితే ఇంకా అన్యాయంగా వచ్చింది. బావ నా చెవి దగ్గర "ఒరేయ్, ఇక్కడ మిల్లు లేదురా" అన్నాడు. అప్పుడు తెలిసింది, రెండేళ్లుగా మాకు శ్రుతి వేస్తున్నది కారం మిల్లు మోటారని. రేపట్నుంచి కొట్లో కందిపప్పు తూస్తూ కూర్చునే నేనే నా కళ్లకు కనిపించాను.

అంతలో చాప మీద నుంచి "ఊఁ..." అని మోత వినిపించింది. మా నాన్న. తాంబూలం ఒక బుగ్గకు నెట్టి, ముఖం గంటు పెట్టుకుని, అచ్చం మిల్లు మోటారులాగా. ఊపిరి కోసం ఆగి, "ఇదేగా మీ మిల్లు. పాడి ఏడవండి" అని మళ్లీ అందుకున్నాడు. మేమూ అందుకున్నాం. పాట ఎక్కడా చెదరలేదు (తుమ్ములు లేకపోవడం ఒక్కటే వెలితి). అంతా అయ్యాక నాయనమ్మ "పిల్లలు బానే పాడారు గానీ, ఆ పెద్దాయన గొంతు చానా నిండుగా ఉంది" అని ఆయనకు ఇంకో లడ్డూ పెట్టించింది.

తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు చూస్తూ "బాగుందన్నారుగా. పాడుకో" అన్నాడు. గెలిచిన సంబరంలో, ఆ మోత అంత బాగా ఎలా పట్టుబడిందని నేను ఆయన్ను అడగలేదు. మర్నాటి నుంచి ఎక్కడికెళ్లినా శ్రుతి పట్టడానికి నాలుగో మనిషి కావాలని వెతుకులాట మొదలైంది. దొరికినవాళ్లలో ఒకడికి ఊపిరి చాలలేదు, ఇంకొకడికి నవ్వు ఆగలేదు. ఏడాది తిరక్కుండానే బావ లారీ ఎక్కాడు, బూరకు మాచర్లలో పని దొరికింది. నేను నా అంతట నేనే వెళ్లి కొట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఆ ఇరవయ్యేళ్ల గాయకుణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది. శ్రుతి పట్టే మనిషి కోసం వినుకొండ దాకా వెళ్లొచ్చాడు గానీ, రోడ్డు దాటి వాళ్ల నాన్నని అడగలేదు.