నాలుగు సోలలు, నా పర్మనెంటు ఉద్యోగం

మూడు చింతగింజలు నా ఉద్యోగాన్ని ఏం చేశాయో చెబుతా వినండి, టీ చల్లారేలోగా!

అరవైల మాట. చిట్యాల దగ్గర ఒక బడిలో లెక్కల సారును. హైదరాబాదులో బీఎస్సీ చదివినవాణ్ణి (మా హాస్టల్ పప్పుచారులో పప్పు వెతకడానికి వేరే డిగ్రీ కావాలి, అది ఇంకో కథ). రెండు చేతుల వేళ్లు పది గనుక పదుల్లో లెక్కపెడతాం. మరి ఒక్క చెయ్యితోనే లెక్కపెడితే? ఐదులు! అది పిల్లలకు చూపించాలనుకున్నాను.

నేను కిరాయికున్న ఇంటి అవ్వ, గింజలు కొలిచే ఇత్తడి సోలలు నాలుగు ఇప్పించింది. వడ్రంగం చేసే వడ్లాయన చెక్కకు గుంతలు తొలిచి వాటిని వరుసగా కూర్చోబెట్టాడు. కుడి సోలలో ఐదు చింతగింజలు పడగానే అన్నీ తీసేసి, ఎడమ సోలలో ఒక్కటి వేయాలి. అక్కడా ఐదైతే దాని ఎడమకు. ఖాళీ సోల అంటే సున్నా. అట్లా కుడి నుంచి ఎడమకు ఒక్కో గింజ విలువ ఒకటి, ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు. వారంలో పిల్లలు నన్ను మించిపోయారు.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడన్నారు. ఆయన రాస్తేనే నా ఉద్యోగం పర్మనెంటు. ఆ పొద్దున ఎడమ చివర ఒక్క గింజ వేసి మిగతా మూడూ ఖాళీగా ఉంచాను. అంటే నూట ఇరవై ఐదు. తువ్వాలు కప్పి, అరుగు మీద పెట్టి స్నానం చేసొచ్చాను. తర్వాత పెళ్లికూతురి బుట్టలా బడికి మోసుకుపోయాను.

క్లాసులో తువ్వాలు లాగి, ఇన్‌స్పెక్టర్ వైపే చూస్తూ, "ఎంతమ్మా?" అన్నాను.

ముందు బెంచీ లక్ష్మి లేచింది. "నూట యాభై ఆరు సార్."

"ఏందమ్మా గది? మల్ల చూడు!"

"నూట యాభై ఆరే సార్!" క్లాసంతా అరిచింది.

"మిమ్మల్ని చూసి బెదిరిండ్రు సార్. ఇది నూట ఇరవై ఐదు, నాది పూచీ!" అన్నాను.

ఆయన వంగి చూశాడు. "మాస్టారూ, నాలుగింట్లోనూ గింజలున్నాయే!"

సాయంత్రం అవ్వను అడిగాను.

"ఉత్త సోల గడప దాటుతదా సారూ? ఇంటికి కరువు. ఉత్తవాట్ల తలా ఒక గింజ ఏసిన."

"అందుల సున్నాలు పెట్టిన అవ్వా!"

"సున్నాలేమన్న అంగట్ల కొనుక్కచ్చినవా? మల్ల పెట్టుకో!"

ఇన్‌స్పెక్టర్ రాసిన కాగితం తర్వాత వచ్చింది: పిల్లలకు పాఠం బాగా వచ్చింది, సారు పర్మనెంటు కావడానికి ఇంకొక ఏడాది గడువు.

ఆ ఒక్క ఏడాదినీ ఐదుల్లో రాసి చూశాను, రెండుల్లో రాసి చూశాను. ఎట్లా రాసినా ఒకటే వచ్చింది!