సందర్శకుల సౌకర్యం

పాత ఇళ్లను కొలిచి, పటాలు గీసి, వాటిని కాపాడమని ప్రభుత్వానికి నివేదికలు రాసే ఒక చిన్న ఆఫీసులో నేను ఆర్కిటెక్టుని. ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో ఉంది. దాని కిటికీలు తెరుచుకోవు. గాలీ వెలుతురూ ఆడే ఇళ్ల గొప్పతనం గురించి నేను అక్కడ కూర్చునే రాస్తుంటాను.

కొండాపూర్ నుంచి లింగంపల్లి వెళ్లే దారిలో, రెండు టవర్ల వెనక ఒక రైతు ఇల్లు మిగిలి ఉందని తెలిసి కొలవడానికి వెళ్లాను. చుట్టూ పొలాలు ఎప్పుడో ప్లాట్లయిపోయాయి. ఇల్లు మాత్రం అలాగే ఉంది. మూరెడు మందం రాతి గోడలు, డంగు సున్నపు పూత, టేకు దూలాలు, పైన గూన పెంకులు, నట్టింట్లో ఆకాశం కనిపించే వాకిలి. ఒక పక్కన ఒకప్పుడు ధాన్యం పోసుకున్న చీకటి గది, వాళ్ల మాటలో అర్ర. టేపు పట్టుకుని ఆ గోడల వెంట తిరుగుతూ మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాను.

ఆ ఇంట్లో యాభై ఏళ్ల ఒకావిడ, ఆమె భర్త, ఆమె అత్త ఉంటారు. భార్యాభర్తలు బర్రెల్ని పెట్టుకుని చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు పాలు పోస్తారు. అత్తకు తుంటి విరిగి ఆపరేషనైంది. అప్పుడప్పుడే కర్ర పట్టుకుని నిలబడుతోంది.

నేను దూలాల మీది చెక్కడం గురించి అడిగితే ఆవిడ మరుగుదొడ్డి గురించి చెప్పింది. అది పెరట్లో, పశువుల కొట్టానికి అవతల ఉంది. ముసలామె అంత దూరం నడవలేదు. అందుకని ధాన్యం గది గోడ పగలగొట్టించి అక్కడ బాత్రూం కట్టుకోవాలనుకున్నారు. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడట.

కొన్నాళ్లు ఆగమని బతిమాలాను. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలోకి ఎక్కితే ఏ బిల్డరూ దాని జోలికి రాలేడని, బాత్రూంకి అనుమతి తరవాత తేలిగ్గా తెచ్చుకోవచ్చని చెప్పాను. భర్త తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మాత్రం నన్ను నమ్మింది. "సదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఆగుతం బిడ్డా" అంది. మేస్త్రీని రావద్దన్నారు.

ఆ నివేదిక రాసినంత బాగా నేను మరేదీ రాయలేదు. "ఈ ఇంటిలో ఒక్క రాయి కదిలినా చరిత్ర కదులుతుంది. లోపల ఎలాంటి మార్పునూ అనుమతించరాదు" అని ముగించాను. ఆ వాక్యాన్ని కమిటీలో ఒక పెద్దాయన పైకి చదివి మెచ్చుకున్నారు. ఇల్లు జాబితాలోకి ఎక్కింది. ఇది రక్షిత కట్టడమని చెప్పే నీలం బోర్డు ఒకటి వచ్చింది. దాన్ని బిగించడానికి పనివాళ్లు సున్నపు గోడలో నాలుగు కన్నాలు పొడిచి సిమెంటు కూరారు.

బాత్రూం దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను. కొన్ని నెలల తరవాత, వానాకాలం మధ్యలో, ఆవిడ జవాబు కాగితం పట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. కింద సెక్యూరిటీ వాళ్లు ఆమె ఫొటో తీసి మెడలో కార్డు వేసి పంపారు. తిరిగే కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చుని, చదవమని కాగితం నా చేతికిచ్చింది. అనుమతి నిరాకరించారు. కారణం కింద, కొటేషన్ గుర్తుల మధ్య, నా వాక్యమే ఉంది.

"మాటలు మంచిగున్నయ్. ఎవరు రాసిండ్రు?" అని అడిగింది.

"నేనేనండి" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. కాగితం తిరిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"అత్తను ప్లాస్టిక్ కుర్చీల కూసుండబెట్టి ఇద్దరం వానల మోస్కపోతున్నం. మొన్న బురదల జారి ముగ్గురం పడ్డం. రాయి మాత్రం కదలలే" అంది.

మర్నాడు ఆ కాగితం మీద సంతకం పెట్టిన అధికారి దగ్గరికి వెళ్లాను. మర్యాదస్తుడు. "మీరు రాసిందేగా మేము పాటిస్తున్నామండీ" అని నిబంధనల పుస్తకం నా ముందు పెట్టాడు. ఎన్నో నివేదికల్లో పేర్కొన్న ఆ పుస్తకాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. చివర్లో ఒక నిబంధన కనిపించింది. రక్షిత కట్టడంలో సందర్శకుల కోసం, వృద్ధులు కూడా వాడుకోగలిగేలా, పట్టుకోవడానికి కమ్మీలున్న మరుగుదొడ్డి తప్పనిసరిగా ఉండాలి.

అధికారికి చూపించాను. రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు. అయితే ఇన్నాళ్లూ అది లేకపోవడం తప్పేనని తేల్చాడు. బాత్రూం కోసం నెలలు ఎదురుచూసిన కుటుంబానికి, వెంటనే కట్టకపోతే చర్య తీసుకుంటామని వారంలో నోటీసు వెళ్లింది.

ప్లాను నేనే గీశాను. ధాన్యం గది తలుపు ముసలామె గదికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఉన్న తలుపు, ఉన్న కిటికీ వాడుకుంటే గోడ పగలగొట్టే పనే లేదు. మొదటి రోజే ఇది తట్టి ఉండాల్సింది. ఆ రోజు నేను దూలాల వైపు చూస్తున్నాను.

బాత్రూం పూర్తయింది. సందర్శకుల పుస్తకం పెట్టాలన్నారు, పెట్టారు. సందర్శకులెవరూ రాలేదు. కానీ రూలు రూలే అని ముసలామె పట్టుబట్టింది. రోజూ పొద్దున్నే కమ్మీ పట్టుకుని బయటికొచ్చాక వేలిముద్ర వేసేది, కోడలు మిగతా గడులు నింపేది. ఎక్కడి నుంచి వచ్చారు అన్నచోట "పక్క అర్ర" అని, అభిప్రాయం అన్నచోట "మంచిగున్నది" అని.

తనిఖీకి అధికారి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఆయన పేజీలు చాలాసేపు తిప్పాడు. నా వైపు చూడలేదు. చివర్న "సందర్శకుల రాక క్రమం తప్పకుండా ఉంది" అని రాసి సంతకం పెట్టాడు.

చాయ్ తాగుతుంటే ముసలామె, తన గదిలో పెంకులు పగిలి నీళ్లు కారుతున్నాయని ఆయనకు చెప్పింది. దరఖాస్తు పెట్టుకోమ్మా అన్నాడు ఆయన. ఆమె నా వైపు తిరిగింది.

"ఈసారి నువ్వేం రాయకు బిడ్డా" అంది.

నేను రాయలేదు. ఆ తరవాతి ఆదివారం ఆమె కొడుకు నిచ్చెన వేసుకుని ఎక్కి, పాత గూన పెంకులే నాలుగు తెచ్చి సర్దాడు. కింద నిచ్చెన పట్టుకుంది నేనే.