మారేడు కొమ్మ మీద గోటి గీత

మారేడాకును వేళ్ళ మధ్య నలిపితే ఒక వాసన వస్తుంది. అది నిమ్మతొక్క వాసన కాదు, కర్పూరమూ కాదు. ఆ రెండింటికీ దూరపు చుట్టంలా ఉంటుంది. నిన్న ఉదయం షికాగో శివారు నేపర్‌విల్‌లో మా వంటింటి కిటికీ దగ్గర కుండీ జరుపుతుంటే ముల్లు గుచ్చుకుంది. చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆకు నలిపేశాను. ఆ వాసనతోపాటు రాజ్యలక్ష్మి గారి గొంతు కూడా వచ్చేసింది. "చూసుకో, అమ్మాయ్. దేవుడి చెట్టేగానీ దానికి మర్యాద తెలియదు." ముల్లు గుచ్చుకున్న ప్రతివాళ్ళతోనూ ఆవిడ ఆ మాటే అనేవారు. ఓదార్పు ఆశించినవాళ్ళకు అంతకుమించి ఏమీ దొరికేది కాదు.

ఆవిడను ఎరగనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. డెబ్బైల చివర షికాగో దగ్గర ఒక బొటానికల్ గార్డెన్‌లో మన ఆయుర్వేద మొక్కల విభాగం ఆవిడ చేతిలో ఉండేది. విభాగం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. గాజు గదిలో ఒక వారగా వేసిన కొన్ని బల్లలు, వాటి మీద అడ్డసరం, తిప్పతీగ, వస, సర్పగంధి, మారేడు. రాజమండ్రి మనిషి, వృక్షశాస్త్రంలో డాక్టరేటు. నేతచీర మీద మగవాళ్ళ ఉన్ని కోటు, కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఆ వేషంలో డైరెక్టర్ల మీటింగుకు కూడా వెళ్ళేవారు. నేను గుంటూరులో బోటనీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి ఇక్కడికి వచ్చి, అపార్ట్‌మెంట్ గోడలు చూసీ చూసీ విసిగిపోయి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరాను.

చేరిన చలికాలంలోనే బల్ల మీద మారేడు మొక్కలన్నీ ఆకులు రాల్చి పుల్లల్లా నిలబడ్డాయి. "వీటిని తీసేయమంటారా మేడమ్?" అని అడిగాను. ఆవిడ ఒక పుల్ల పట్టుకుని, బొటనవేలి గోటితో బెరడు మీద చిన్నగా గీకారు. లోపల సన్నటి పచ్చని గీత కనిపించింది. "ఆకు రాల్చుకుని నిద్రపోతోంది. నిద్రపోయేవాణ్ణి పాడె ఎక్కిస్తావా?" అన్నారు.

మిగతా మొక్కలు పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. ఈ మారేడు సంగతి వేరు. దాని వేరు ఆయుర్వేద మందుల్లో వాడే దశమూలాల్లో ఒకటి కాబట్టి, అడవుల్లో వేరు కోసం చెట్టుకు చెట్టే తవ్వేసేవారు. మా మొక్కలు తూర్పు కనుమల్లో ఒక కొండ మీద ఏరిన విత్తనాలనుంచి వచ్చాయి. ఆ తర్వాత ఆ కొండ మీద చెట్లు మిగల్లేదని కబురు తెలిసింది. ఆ కొండ మారేడు సంతానమంతా మా బల్ల మీదే ఉందన్నమాట.

అందుకే ఆవిడ ఆ మొక్కల్లో సగం పంచిపెడతానన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆదివారాలు మన తెలుగువాళ్ళు కార్లలో దిగేవారు. ఒకరికి పిల్లాడికి మాట రాలేదని వస కావాలి, ఇంకొకరికి దగ్గుకు అడ్డసరం కావాలి. శివరాత్రి దగ్గరపడితే అందరికీ మారేడాకులే కావాలి. ఆవిడ ఆకులు మాత్రం ఇచ్చేవారు కాదు. డైరెక్టర్‌తో ఏం మాట్లాడారో గానీ, ఒక్కో కుటుంబానికి ఒక్కో మొక్క ఇవ్వడానికి ఒప్పించేశారు.

"వీళ్ళింట్లో బతుకుతాయా మేడమ్? ఉన్నవే కాసిని" అన్నాను.

"అన్నీ ఒక్క గదిలో పెట్టుకుంటే, ఆ గదికి ఏమన్నా అయితే?" అన్నారు ఆవిడ. మొక్క ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళందరినీ నిలబెట్టి ఒకే పాఠం చెప్పేవారు. "చెంబుతో పొయ్యకండమ్మా. అభిషేకం శివుడికి, చెట్టుకి కాదు. చలికాలంలో ఉద్ధరిణెడు నీళ్ళు చాలు." భక్తి కొద్దీ రోజూ చెంబుడు నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టే ఘనత ప్రపంచంలో మనకే దక్కుతుందని ఆవిడ నమ్మకం.

ఎనభైల మొదట్లో ఒక జనవరిలో ఆ గదికి నిజంగానే అయింది. రాత్రి గదిని వేడిగా ఉంచే బాయిలర్ ఆగిపోయింది. పొద్దున మేం వెళ్ళేసరికి గాజు పలకలకు లోపలివైపు మంచు పేరుకుని ఉంది. అడ్డసరం ఆకులు ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతున్నాయి. ఆవిడ కోటు కూడా విప్పకుండా మారేడు బల్ల దగ్గరకు వెళ్ళి మొదటి పుల్ల గీకారు. గోధుమరంగు. రెండోదీ అంతే. చివరి కుండీ దాకా అలాగే గీకుతూ వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, అలాగే మూసేసి, "మొక్కలు తీసుకెళ్ళినవాళ్ళందరికీ ఫోన్ చెయ్యి" అన్నారు. వసంతానికల్లా ఆ బల్లలు ఆర్కిడ్లకు ఇచ్చేద్దామని డైరెక్టర్ అప్పుడే మర్యాదగా సూచించి వెళ్ళాడు.

చేశాను. "సారీ అండీ, పోయింది." "లాస్ట్ మంతే ఆకులన్నీ రాలిపోయాయండీ." ఒకరి తర్వాత ఒకరు అదే మాట. నేను ముందే చెప్పానుగా అని అనాలనిపించింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఎవరెవరు ఏమన్నారో ఒక్కొక్కటే చెబుతూ అనసూయ గారి దగ్గరకు వచ్చాను. నేపర్‌విల్‌లో ఒక గుండె డాక్టరు గారి భార్య ఆవిడ. "పోయిందిట. ఏం చెయ్యాలో తెలియడం లేదు అంటున్నారు" అన్నాను.

రాజ్యలక్ష్మి గారు తలెత్తారు. "పోయినదాంతో ఇంకా చెయ్యడానికి ఏముంటుంది? అంటే పారెయ్యలేదన్నమాట. పద, కార్ తియ్యి."

అనసూయ గారు తలుపు తీసి మమ్మల్ని చూడగానే తెల్లబోయారు. కాఫీ అన్నారు, కూర్చోమన్నారు. రాజ్యలక్ష్మి గారు నిలబడే, "మొక్క ఎక్కడుందమ్మా?" అని అడిగారు. ఆవిడ తల దించుకుని మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు. వాషింగ్ మెషీన్ పక్కన, ఇంటిని వేడిచేసే ఫర్నేసు వెచ్చదనం తగిలేచోట, పీట మీద కుండీ ఉంది. కుండీకి పసుపు, కుంకుమబొట్టు. మధ్యలో ఒక ఎండుపుల్ల.

"మీకు చెప్పడానికి మొహం చెల్లలేదండీ," అన్నారు అనసూయ గారు. "మా వారు గార్బేజ్‌లో పడేయమన్నారు. శివుడి చెట్టు, గార్బేజ్‌లో ఎలా వేస్తామండీ? రివర్‌లో వదులుదామంటే అదంతా ఐస్ అయిపోయింది. ఐస్ కరిగాక డ్రైవ్ చేసుకెళ్ళి వదిలేద్దామని ఇక్కడ పెట్టాను."

"నీళ్ళు?"

"సోమవారం సోమవారం ఉద్ధరిణెడు. పోయినా దేవుడి చెట్టే కదండీ."

రాజ్యలక్ష్మి గారు బూట్లతోనే ఆ సిమెంటు నేల మీద మోకాళ్ళూని కూర్చుని, పుల్లను గోటితో గీకారు. పచ్చటి గీత. ఇంకాస్త పైన గీకారు. అక్కడా పచ్చన. ఆవిడ వెనక్కి జరిగి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళు తడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. అనసూయ గారు కంగారుపడి, "నేనేమన్నా తప్పు చేశానా?" అని నన్ను అడిగారు.

కార్లో ఆవిడ నాతో అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మళ్ళీ ఫోన్లు చెయ్యి. బతికుందా అని అడక్కు. ఎక్కడ పెట్టారో అడుగు."

అడిగాను. ఎవ్వరూ పారేయలేదు. మన ఇళ్ళల్లో ఎవరికి చెయ్యొస్తుంది? గరాజుల్లో పెట్టినవి గడ్డకట్టి పోయాయి. కానీ ఫర్నేసుల పక్కన, పూజ అల్మారా కింద, బట్టలు ఆరేసే గదుల మూలల్లో ఐదారు పుల్లలు బొట్లు పెట్టించుకుని నిద్రపోతూ దొరికాయి. వేసవికల్లా వాటి మొదళ్ళలో పిలకలు లేచాయి. ఆవిడ పిలకలు మాత్రమే వేరుచేసి తీసుకుని, తల్లి మొక్కలను ఎవరివి వాళ్ళకే ఇచ్చేశారు. ఆర్కిడ్లు వేరే బల్ల వెతుక్కున్నాయి.

ఆ తర్వాత ఆ విభాగాన్ని నేను చాలాకాలం చూసుకున్నాను. ఆవిడ పోయి ఏళ్ళయింది. ఆవిడంటే నాకు భయం ఉండేది, ప్రేమ ఉండేది. రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

నిన్న సాయంత్రం డోర్‌బెల్ మోగింది. మా వీధి చివరి ఇంటివాళ్ళ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, చేతిలో కుండీతో నిలబడి ఉంది. కుండీలో మోడు.

"సారీ ఆంటీ. మీరు ఇచ్చింది డెడ్ అయిపోయింది. ట్రాష్‌లో వేస్తా అంటే అమ్మ వద్దు అంది. ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు."

"గోటితో గీకు," అన్నాను.

"నేనా?"

రంగు వేసిన పొడవాటి గోరుతో భయంభయంగా గీకింది. వంగి చూసింది. "ఓ మై గాడ్, ఆంటీ, గ్రీన్!" అని అరిచి, మోడును గభాల్న దగ్గరకు తీసుకోబోయి, ముల్లు గుచ్చుకుని చెయ్యి విదిలించింది.

"చూసుకో, అమ్మాయ్," అన్నాను. "దేవుడి చెట్టేగానీ దానికి మర్యాద తెలియదు."