సీసా వ్యాక్స్, డబ్బా వ్యాక్స్

మహారాష్ట్ర బొగ్గు గనుల ఊరు చంద్రపూర్‌లో నల్లరంగు కారు కొనవద్దని మాకు తెలిసినవాళ్లంతా చెప్పారు. బొగ్గు ధూళి నల్లగానే ఉంటుంది కదా, ఇక కనబడేదేముందని మా ఆయన నవ్వేవాడు. అది నిజం కాదు. నల్ల కారు మీద ఆ ధూళి బూడిదలా తేలుతుంది. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి మళ్లీ పడుతుంది. అయినా ఆయన పద్మాపూర్ గనిలో డంపర్ నడిపినన్నాళ్లూ ఆ కారును అద్దంలా ఉంచాడు. శనివారం సాయంత్రమంతా దాని చుట్టూనే తిరిగేవాడు. ఆదివారం చర్చి ముందు ఆపినప్పుడు ఒకరిద్దరు వంగి అందులో చూసుకుని జుట్టు సరిచేసుకుంటే ఆయనకు కడుపు నిండేది.

పోయినేడు షుగర్ వల్ల ఆయన కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. అంగీ తొడగాలన్నా నేనుండాలి. గనికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. డ్రైవింగ్ నాకు వచ్చుగానీ అంతకుముందు ఎప్పుడో తప్ప నడిపింది లేదు. ఇప్పుడు అన్నింటికీ నేనే. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీకి, ఫిజియోథెరపీలో ఆయన భుజానికి కరెంటు పెట్టించడానికి, కూరగాయలకు, చర్చికి, ఎక్కడికైనా స్టీరింగ్ నా చేతిలోనే. కారు కడగడం మాత్రం నా వల్ల కాలేదు. బోరు నీళ్ల మరకలు తెల్లగా కట్టి, బానెట్ మసకబారింది. ఆయన పక్కసీట్లో కూర్చుని అద్దంలోంచి దాన్నే చూసేవాడు.

"రంగు సచ్చిపోతున్నది. వ్యాక్స్ పెట్టాలె" అన్నాడు ఒక ఆదివారం.

చర్చి నుంచి వస్తూ కార్ల సామాను అమ్మే దుకాణం ముందు ఆపాను. దుకాణదారు రెండు రకాల వ్యాక్స్ తెచ్చి బల్ల మీద పెట్టి మరాఠీలో వివరించాడు. సీసాలోది పాలలా పలుచగా ఉంటుంది, పూసి తుడిస్తే అయిపోతుంది, కానీ ఎక్కువకాలం నిలవదు. డబ్బాలోది గట్టి ముద్ద. పలుచగా రుద్ది, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో గట్టిగా లాగి తుడవాలి. మెరుపు నిలుస్తుంది, చేతులు మాత్రం నొప్పెడతాయి.

"డబ్బాదే తీస్కో. సీసాది ఉత్త నీళ్లు. రెండు వానలు పడితే పోతది" అన్నాడు మా ఆయన.

"రుద్దేదెవరు?"

"నేనే రుద్దుత."

"ఏ చెయ్యితోని?" అన్నాను.

దుకాణదారుకు తెలుగు రాదు. అయినా ఏదో అర్థమైనట్టు చూపు పక్కకు తిప్పుకున్నాడు. నేను సీసా తీసుకున్నాను. ఇంటికి చేరేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సీసా వంటింటి కిటికీలో ఫినాయిల్ పక్కన చాలాకాలం అలాగే ఉండిపోయింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి పాదాలు వాచి ఉండేవి. చెప్పులు విప్పితే పట్టీల గుర్తులు కనిపించేవి. వంట, ఆయన మందులు, మరునాటి యూనిఫాం, తర్వాత నిద్ర. ఎప్పుడు పెడతావని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఒక మాట అనేసేదాన్నేమో, అదీ కుదరలేదు.

ఒకరోజు కారు ఇంటి దగ్గరే ఉంచి, తోటి నర్సు స్కూటీ మీద డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేసరికి కారు బానెట్ అంతా పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. మా ఆయన గడప మెట్టు మీద కూర్చున్నాడు. అంగీ చెమటతో వీపుకు అంటుకుపోయింది. పక్కన వ్యాక్స్ డబ్బా మూత తెరిచి ఉంది. నేను వెళ్లాక ఆటోలో బజారుకు పోయి కొనుక్కొచ్చాడట. ఎడమ చేత్తో బానెట్ మొత్తానికి ఒకేసారి మందంగా పూసి, కాసేపు నడుం వాల్చాడట. ఆలోపు ఇంటి రేకుల నీడ పక్కకు జరిగి కారు మీద ఎండ పడింది. వ్యాక్స్ బిగిసిపోయింది.

"ఏందయ్యా గిది?"

"ఎండిపోయింది. గుడ్డ కదులుతలేదు."

"నిన్నెవరు చెయ్యమన్నరు? నేను చెయ్యనన్ననా?"

"అన్లేదు. నువ్వు పొద్దుగాల పోతవ్, వస్తవ్, వంట చేస్తవ్, నాకు అంగీ తొడుగుతవ్. గిది గూడ నీకే ఎట్ల చెప్పాలె?"

చెప్పులు కూడా విప్పకుండా ఆయన పక్కనే కూలబడ్డాను. ఇద్దరం ఆ తెల్ల బానెట్‌ను చూస్తూ ఉండిపోయాం. నాకు ఏడుపు వచ్చింది. కారు కోసం కాదు. మళ్లీ లేచి నిలబడాలి కదా అని.

పక్కింటి డాబా నీడ కారు మీదికి వచ్చింది. బానెట్ రేకు చల్లబడ్డాక ఆయన మెల్లగా అన్నాడు: "దాని మీదనే జర కొత్తది పూసి, ఆరకముందే తుడిస్తే పాతది గూడ వస్తది."

"ఒకవేళ అది గూడ ఎండితే?"

"కొంచెం కొంచెమే పూద్దాం."

ఆయన ఎడమ చేత్తో స్పాంజిని ముద్దకు తాకించి, అరచేయంత మేర పూశాడు. నేను వెంటనే తుడిచాను. తెల్లదనం గుడ్డకు వచ్చేసి కింద నలుపు బయటపడింది. అలా ఆయన పూస్తూ, నేను లాగుతూ బానెట్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాం. మధ్యలో నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ఆయన కుడి చేయి నొక్కుకుంటూ నిలబడ్డాడు. నేను చూడనట్టు ఉన్నాను. అద్దాల కింద ప్లాస్టిక్ అంచులకు అంటినదాన్ని పాత పళ్ల బ్రష్‌తో గీకాల్సి వచ్చింది.

"తలుపులకు సీసాదే" అన్నాను.

"సరే తియ్."

సీసా తెచ్చి తలుపులకు, డిక్కీకి నేనొక్కదాన్నే పూసి తుడిచేశాను. పొయ్యి మీద పెట్టిన చాయ్ మరిగేలోపు ఒక పక్క అయిపోయింది. ఆయన వంగి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగనే ఉన్నది."

"ఉత్త నీళ్లు అంటివి గదా?"

"నీళ్లే. మంచి నీళ్లు."

ఆ పూట కూర వండలేదు. అన్నం వండి, గుడ్లు ఉడికించి పచ్చడితో తిన్నాం. ముద్ద నోటి దాకా ఎత్తడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. పొద్దున చూస్తే బానెట్ మీద సన్నటి ధూళి. అదే కారులో డ్యూటీకి వెళ్లి, ఎప్పటిలాగే బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఆపాను. తుడిచే ఓపిక లేకపోయింది.

దుకాణదారు చెప్పింది నిజమే. వానలు మొదలయ్యాక తలుపులు ముందు మసకబారాయి. బానెట్ మీద మాత్రం నీళ్లు గుండ్రంగా చుక్కలు కట్టి జారేవి. ఆ తేడా నాకూ కనిపించింది. అయినా సీసా ఖాళీ అయినప్పుడు ఇంకో సీసానే కొన్నాను. మా ఆయన భుజం కాస్త వదులై, అంగీ తనే తొడుక్కుంటున్నాడు. స్టీరింగ్ మాత్రం ఇంకా తిప్పలేడు. డబ్బాను ఆయనే దాచుకున్నాడు. ఎండ రాకముందు బానెట్‌లో ఓ ముక్క రుద్దుతాడు. చెయ్యి లాగితే అక్కడితో ఆపి, మిగతాది మరునాటికి వదిలేస్తాడు. నేను ఆగమని చెప్పడం మానేశాను.

మొన్న ఆసుపత్రి కాపలాదారు సగం మెరుస్తూ సగం మాసి ఉన్న బానెట్‌ను చూసి, యాక్సిడెంట్ అయిందా, రంగు వేయించారా అని మరాఠీలో అడిగాడు.

లేదు, మిగతాది రేపు అవుతుంది అని చెప్పి డ్యూటీకి లోపలికి వెళ్లిపోయాను.