కళ్లజోడు లేకుండా చదివిన శనివారం

చిక్కడపల్లిలో ప్రతి శనివారం సాయంత్రం మా సత్సంగం. చిన్నతనంలో గురువుగారి దగ్గర శాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక పారాయణం నాకే అప్పగించారు. అరవై ఆరో ఏట ఒకసారి కళ్లజోడు ఇంట్లో మరిచి వెళ్లాను. గ్రంథం తెరిస్తే సన్న అక్షరాలు కూడా స్పష్టంగా కనిపించాయి. హారతి అయ్యాక అందరి ముందూ చెప్పాను, ఇది స్వామి కృప అని.

చెప్పనివి కూడా ఉన్నాయి. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరి దారినంతా కమ్మేసేవి. బస్సు నంబరు దగ్గరికొస్తే గాని తెలిసేది కాదు. తెల్ల పంచెలు పచ్చబడ్డాయని మా ఆవిడను విసుక్కునేవాణ్ణి. మహిమ చెప్పేటప్పుడు ఇవి అడ్డమనిపించింది.

అశోక్‌నగర్ నుంచి వచ్చే ఒక చెల్లెమ్మ ఆ రోజు ముందు కూర్చుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఎడమ కంట్లో మోతిబిందు, అదే శుక్లం, బాగా ముదిరింది, మరుసటి వారమే ఆపరేషన్.

"అన్నా, నీకు అయినట్ల నాకెందుకు గాదు? జర ఆగుత."

"నమ్మకం ఉంటే ఆగొచ్చు" అన్నాను.

మూడు నెలలకు దూరపు చూపు మరీ తగ్గి నారాయణగూడలో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మోతిబిందే అంకుల్. లోపలి లెన్స్ పచ్చబడి గట్టిపడ్డది. వెలుతురును ఎక్కువ వంచుతది, అందుకే దగ్గరివి కనబడుతున్నయ్. కొన్నాళ్లే. వెలుతురు అందులో చెదురుతది గనుకనే లైట్లు గట్ల పగిలినట్టు కనిపిస్తయ్. చూపు వచ్చిందని సంతోషపడి చాలామంది ఆగిపోతరు."

ఆటో ఎక్కి నేరుగా అశోక్‌నగర్ వెళ్లాను. చెల్లెమ్మ కంటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది. నాలుగు రోజులుగా నొప్పి, వాంతులు.

"స్వామి పరీక్ష పెడుతుండన్నా" అంది.

అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముదిరిన శుక్లం లోపలే కారి, కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిందన్నారు. శుక్లం తీశారు. చూపు రాలేదు.

ఆ శనివారం సత్సంగంలో జరిగిందంతా చెప్పాను. ఒక పెద్దాయన గొణిగారు, "ఇవన్నీ ఇక్కడ చెప్పాల్నా? నలుగురి నమ్మకం పోతది."

"నా మాట మీదున్నదైతే పోనివ్వండి" అన్నాను.

స్వామి దయామయుడు, సందేహం లేదు. ఆయన పేరు చెప్పి నేనన్న మాటకు జవాబు మాత్రం నన్నే అడుగుతాడు.

చెల్లెమ్మ ఇప్పటికీ సత్సంగానికి వస్తుంది. ఇప్పుడు కుడి కంట్లోనూ శుక్లం. నిన్న మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, దీనికి ఎప్పుడు చేయించుకోమంటవ్?"

"నన్నడగకు చెల్లె. డాక్టరమ్మ ఏమంది?"

"ఈ నెలల్నే అంది. నువ్వు ఊ అంటే పోత."

ఊ అన్నాను. ఆపరేషన్ రోజు ఆటో నేనే తెస్తానన్నాను.